తాళం తిప్పకముందే చూడాల్సినవి: చలికి పగిలిన బోటు ఇంజిన్

2021 మార్చిలో, డాలస్‌కి ఉత్తరాన లూయిస్‌విల్ లేక్ పక్కన మేం బోటు పెట్టుకునే యార్డులో ఇంజిన్ మూత ఎత్తి చూస్తే తేడా ఏమీ కనిపించలేదు. పగులు లేదు, కింద తడి లేదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ శుభ్రంగా తేనె రంగులో ఉంది. కాకపోతే మట్టం ఫుల్ గీత కన్నా ఒక వేలెడు పైన ఉంది. బోటులో సగం వాటా ఉన్న మా ఫ్రెండ్ "పోయినసారి ఆయిల్ మార్చినప్పుడు కాస్త ఎక్కువ పోసుంటాంలే అన్నా, స్టార్ట్ చెయ్యి" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది, అలా అనిపించాలని ఉంది కాబట్టి. నీళ్ల హోస్ తగిలించి తాళం తిప్పాను. ఇంజిన్ చక్కగా అందుకుంది. పది నిమిషాల తర్వాత ఆపి డిప్‌స్టిక్ తీస్తే దాని మీద ఉన్నది ఆయిల్ కాదు, పాలెక్కువైన కాఫీ.

ఆ ఫిబ్రవరి ఎలా గడిచిందో డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 16వ తేదీ ఉదయం ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. 1949 తర్వాత అంత చలి అక్కడ లేదు. రోజుల తరబడి సున్నా సెల్సియస్ దాటి పైకి రాలేదు. రాష్ట్రమంతటా 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. మిన్నెసోటాలోనో మిచిగన్‌లోనో అయితే అక్టోబరు రాగానే ఇంజిన్‌లో నీళ్లు దించేసి బోటుకు ముసుగు వేసేస్తారు, అక్కడ అది పండక్కి ఇల్లు కడిగినంత మామూలు పని. టెక్సస్‌లో మాకా అలవాటు లేదు. జనవరిలో కూడా ఒక మంచి ఆదివారం దొరికితే బోటు తీస్తాం. చలిగా ఉంటుందన్న రాత్రి ఇంజిన్ గదిలో చిన్న కరెంటు హీటర్ పెట్టి పడుకుంటాం. కరెంటే పోతే ఆ హీటర్ ఏం చేస్తుంది? ఇంజిన్లు ఎక్కువగా పగిలేది చలి ఎక్కువున్న చోట కాదు, చలి మీద భయం లేని చోట.

ఇన్‌బోర్డ్ అంటే ఇంజిన్ బోటు లోపలే ఉండేది. పెట్రోల్ బోట్లలో చాలావాటికి కారు ఇంజిన్ బ్లాకే (సిలిండర్లుండే పోత ఇనుప దిమ్మె) ఆధారం, ఎక్కువగా చెవ్రొలెట్ వీ6, వీ8లు. కారుకి రేడియేటర్ ఉంటుంది, బోటుకి ఉండదు, చెరువే దాని రేడియేటర్. ఆ చెరువు నీళ్లను వాడుకునే పద్ధతులు రెండున్నాయి. మొదటిది రా వాటర్ కూలింగ్: బయటి నీళ్లు పంపుతో లాగి నేరుగా బ్లాకు లోపల తిప్పి, సిలిండర్ల పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డుల గుండా తెచ్చి పొగతో కలిపి వెనక నుంచి వదిలేస్తారు. రెండోది క్లోజ్డ్ కూలింగ్: బ్లాకులో కారులో లాగే కూలెంట్ తిరుగుతుంది, దాని వేడిని హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే గొట్టాల డబ్బాలో చెరువు నీళ్లు లాక్కుంటాయి. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే, క్లోజ్డ్ కూలింగ్ ఉంటే చలికి భయం లేదనుకోవడం. బ్లాకు వరకు అది నిజమే, కూలెంట్ చిక్కగా ఉంటే. కానీ హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఒక పక్క చెరువు నీళ్లే. పంపులో, చెత్త ఆపే జల్లెడ లాంటి స్ట్రైనర్‌లో కూడా అవే. చాలా మోడళ్లలో మ్యానిఫోల్డులు కూడా చెరువు నీళ్లతోనే చల్లబడతాయి, అంటే సగమే క్లోజ్డ్. మీ ఇంజిన్ ఏ రకమో తెలియకుండా లీకు వెతకడం మొదలుపెడితే రోజంతా వెతకొచ్చు.

నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. గాజు సీసా నిండా నీళ్లు పోసి డీప్ ఫ్రీజర్‌లో మర్చిపోయిన ప్రతి ఇంట్లోనూ ఈ లెక్క తెలుసు. ఉక్కయితే కొంచెం సాగుతుంది, పోత ఇనుము సాగదు, పగులుతుంది. బ్లాకు పక్కన గుండ్రంగా కనిపించే రేకు బిళ్లల్ని అందరూ ఫ్రీజ్ ప్లగ్ అంటారు, గడ్డకడితే అవి ఊడిపోయి బ్లాకును కాపాడతాయని నమ్ముతారు. ఆ పేరు పెట్టినవాణ్ణి పట్టుకుని అడగాలి. అవి అసలు పోత పోసినప్పుడు లోపలి ఇసుక బయటికి తీయడానికి ఉంచిన కన్నాలకు వేసిన మూతలు, వాటికి కోర్ ప్లగ్ అన్న పేరే సరైనది. అదృష్టం బాగుంటే ఊడతాయి. ఒక్కోసారి ప్లగ్ కూడా ఊడుతుంది, బ్లాకూ పగులుతుంది, రెండూ జరుగుతాయి. కాబట్టి ప్లగ్ బయటికొచ్చిందని చూసి "అమ్మయ్య" అనుకోకండి. ప్లగ్ చెక్కుచెదరలేదని చూసి కూడా అలా అనుకోకండి.

"నీళ్లు దించాను కదా, ఎలా పగిలింది?" అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. నీళ్లు దించే కన్నానికున్న డ్రెయిన్ ప్లగ్ విప్పారు, చెంచాడు నీళ్లు వచ్చి ఆగిపోయాయి, ఖాళీ అయిందనుకుని బిగించేశారు. ఏళ్ల తరబడి చెరువు నీళ్లు తాగిన బ్లాకు అడుగున తుప్పు, ఇసుక, బురద పేరుకుని ఆ కన్నం లోపలి నుంచి మూసుకుపోతుంది. సన్నటి తీగ పెట్టి గుచ్చితే అప్పుడు భళ్లున వస్తాయి. వీ8కి బ్లాకు రెండు పక్కలా ఒక్కో ప్లగ్, రెండు మ్యానిఫోల్డుల అడుగున ఒక్కోటి, బ్లాకులో నీళ్లు తిప్పే సర్క్యులేటింగ్ పంపుకి వెళ్లే లావు హోస్, పవర్ స్టీరింగ్ కూలర్ ఉంటే అదీ, ఇన్ని చోట్ల దించాలి. ఒక్కటి మర్చిపోతే ఆ ఒక్కచోటే పగులుతుంది. ట్రైలర్ మీదున్న బోటు నీళ్లలో ఉన్న బోటు కన్నా ముందే గడ్డకడుతుంది, ఎందుకంటే అడుగున చెరువు ఇచ్చే వెచ్చదనం కూడా దానికి ఉండదు. మాది ట్రైలర్ మీదే ఉంది.

ఇప్పుడు నేను చేసిన తప్పుకి వస్తాను. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే లోపల నీళ్లు లేనట్టు కాదు. నీళ్లు ఆయిల్ కన్నా బరువు. లోపలి పగులు నుంచి మంచు కరిగి కారిన నీళ్లు ఆయిల్ పాన్ అడుగుకి పోయి కూర్చుంటాయి, ఆయిల్ వాటి మీద తేలుతుంది. అందుకే మట్టం పెరిగింది, రంగు మారలేదు. నేను స్టార్ట్ చేయగానే ఆ రెంటినీ క్రాంక్ షాఫ్ట్ మజ్జిగ చిలికినట్టు చిలికేసింది. స్టార్ట్ చేయకుండా పాన్ అడుగున డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసినా, లేదా డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి ట్యూబు అడుగు వరకు దింపి కొంచెం లాగినా, ముందు వట్టి నీళ్లే వచ్చేవి. అరగ్లాసు నీళ్లతో విషయం తేలిపోయేది, బేరింగులు నీళ్లలో తిరిగేవి కావు. గడ్డకట్టిందన్న అనుమానం ఉన్న ఇంజిన్‌ని అసలు స్టార్ట్ చేయకూడదనడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, నీళ్లు అణగవు, స్టార్టర్ ఊరుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు రిపేరు కాస్తా కొత్త ఇంజిన్ అవుతుంది.

కాబట్టి తాళం జేబులోనే ఉంచి, ముందు టార్చి, చేతి అద్దం తీసుకోండి. చెవ్రొలెట్ తరహా వీ8లో బయటి పగులు ఎక్కువగా బ్లాకు పక్క గోడ మీద, మ్యానిఫోల్డు కింద, అడ్డంగా సన్నటి గీతలా వస్తుంది. మ్యానిఫోల్డు అడ్డం ఉంటుంది కాబట్టి నిలబడి చూస్తే కనపడదు, అద్దం అందుకే. పెయింటు పొరలా లేచిన చోట, తుప్పు చార కారిన చోట గోరుతో గీకి చూడండి. లోపలి పగులు ఇంటేక్ మ్యానిఫోల్డు కింద, వాల్వుల్ని లేపే లిఫ్టర్లు ఉండే లోయ లాంటి చోట వస్తుంది. అది బయటికి ఏమాత్రం తెలియదు, అక్కడ కారిన నీళ్లు నేరుగా ఆయిల్‌లోకే పోతాయి. మా ఇంజిన్‌కి జరిగింది ఇదే, బయట గోడ అద్దంలా ఉంది.

తర్వాత స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పండి. ఒకటో రెండో మిగతావాటికి భిన్నంగా తుప్పు పట్టి ఉంటే ఆ సిలిండర్ మీద కన్నేయండి. ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ డిస్‌కనెక్ట్ చేసి ఇంజిన్ కొద్దిగా తిప్పితే నీళ్లుంటే ఆ కన్నంలోంచి ఎగజిమ్ముతాయి. ఇగ్నిషన్ తీసేయడం మర్చిపోవద్దు, పెట్రోల్ ఆవిరి ఉండే మూసిన గదిలో నిప్పురవ్వ ఎగరడం అంటే ఏంటో చెప్పక్కర్లేదు, ముందుగా ఆ ఆవిరిని బయటికి ఊదేసే బ్లోయర్ కూడా కాసేపు వేసి ఉంచండి.

ఇవన్నీ అనుమానాలు పెంచేవీ తగ్గించేవీ. తేల్చేది మాత్రం ప్రెజర్ టెస్ట్. మా బోటు చూసిన మెకానిక్, తెల్లగడ్డం పెద్దాయన, పాలెక్కువైన కాఫీ చూసి తల పట్టుకుని, నన్నేమీ అనకుండా చేసింది ఇదే. సర్క్యులేటింగ్ పంపుకి వచ్చే హోస్ తీసి అక్కడ రబ్బరు బిరడా బిగించాడు. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్ల దారి తెరిచే వాల్వు) డబ్బా నుంచి మ్యానిఫోల్డులకు వెళ్లే హోసులు కూడా మూసేశాడు. అంటే ఇప్పుడు బ్లాకు, దాని పైన సిలిండర్లను మూసే హెడ్లు మాత్రమే ఒక మూసిన కుండలా మిగిలాయి. ఒక బిరడాకు గాలి వాల్వు, గేజి ఉన్నాయి. 15 పీఎస్‌ఐ గాలి కొట్టి సైకిల్ పంపు పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గేజి ముల్లు పావుగంట కదలకుండా ఉంటే బ్లాకు బతికున్నట్టు. మాది రెండు నిమిషాల్లో పదికి దిగింది. ఆ తర్వాత పనంతా చెవులదే. ఆయిల్ పోసే మూత తీసి చెవి పెడితే బుస్సుమని వినపడితే లీకు ఆయిల్ ఉండే కింది గదిలోకి, అదే క్రాంక్ కేసులోకి, అంటే లోపలి గోడో ఇంటేక్ గ్యాస్కెట్టో. స్పార్క్ ప్లగ్ కన్నంలో వినపడితే హెడ్డు గానీ హెడ్ గ్యాస్కెట్టు గానీ. ఎక్కడా వినపడకపోతే సబ్బు నీళ్లు చల్లాలి, బుడగలొచ్చిన చోట బయటి పగులు. ఆ తర్వాత మ్యానిఫోల్డులు విడిగా ఇదే పద్ధతిలో. ఇంత తేలికైన పరీక్ష చేయకుండా, లక్షణాలు చూసి హెడ్ గ్యాస్కెట్టు మార్చి, మళ్లీ ఆయిల్ కాఫీ అయ్యాక తల పట్టుకున్నవాళ్లు యార్డులో మాకన్నా ముందే ఇద్దరున్నారు.

ఆయిల్‌లో నీళ్లన్న ప్రతిసారీ నేరం చలిదే కాదు, ఇది కూడా గుర్తుంచుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఎగ్జాస్ట్ రైజర్. మ్యానిఫోల్డు మీద మోచేయిలా వంగి ఉండే ఆ ముక్కలో ఒక గదిలో పొగ, దాని చుట్టూ గదిలో నీళ్లు. మధ్య గోడ లోపలి నుంచి తుప్పు తినేస్తే, లేదా గ్యాస్కెట్ పోతే, ఇంజిన్ ఆగాక నీళ్లు వెనక్కి జారి తెరిచున్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండర్‌లోకి, అక్కడ నుంచి రింగుల పక్కగా ఆయిల్‌లోకి దిగుతాయి. ఉప్పు నీళ్లలో తిరిగే బోట్లకు ఈ ముక్కలు కొన్నేళ్లకోసారి మార్చుకునే సరుకే. మరి తేడా ఎలా తెలుస్తుంది? రైజర్ లీకైతే సాధారణంగా ఒకట్రెండు సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులే తుప్పు పడతాయి, వాడకం మధ్యలో మొదలవుతుంది, రోజురోజుకీ ముదురుతుంది. చలి దెబ్బయితే ఆ శీతాకాలం దాటిన మొదటి స్టార్టుకే బయటపడుతుంది. ఇక ఆయిల్ మూత లోపల మాత్రమే కొంచెం తెల్లటి మీగడ ఉండి, డిప్‌స్టిక్ శుభ్రంగా, మట్టం సరిగ్గా ఉంటే అది చాలావరకు తేమే. తక్కువ దూరాలే తిప్పి ఆపేసే ఇంజిన్లలో మామూలు, దానికి టెన్షన్ పడొద్దు.

క్లోజ్డ్ కూలింగ్‌లో ఫిర్యాదు వేరేలా ఉంటుంది: "కూలెంట్ తగ్గుతోంది, ఎక్కడా కారడం లేదు." ముందు బిల్జ్, అంటే బోటు లోపలి అడుగు, పొడిగా తుడిచి, ఇంజిన్ కింద తెల్ల పేపరు పరిచి ఒక రోజు వదిలేయండి. కూలెంట్ మరక రంగుగా, వేళ్ల మధ్య జారుడుగా ఉంటుంది. రుచి మాత్రం చూడకండి, ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకి చచ్చిపోయేది అందుకే. సర్క్యులేటింగ్ పంపు అడుగున ఒక చిన్న కన్నం ఉంటుంది, అక్కడి నుంచి చుక్కలు పడుతుంటే లోపలి సీల్ పోయిందని పంపే చెబుతున్నట్టు, ఆ కన్నం మూసేసే తెలివితేటలు చూపించకండి. నీటి చార ఉన్న చోటే లీకు ఉందనుకోవడం కూడా తప్పు. ఇంజిన్ తిరిగేటప్పుడు బెల్టు గాలికి చుక్కలు ముందు నుంచి వెనక్కి ఎగురుతాయి, తడిసిన చోటల్లా పైకి, ముందుకి వెతకాలి.

పేపరు కూడా పొడిగా ఉంటే కూలెంట్ లోపలికో, చెరువులోకో పోతోంది. కూలెంట్ పోసే మూత ఉన్నచోట చేతి పంపు టెస్టర్ బిగించి మూత మీద రాసున్న పీఎస్‌ఐ వరకు కొట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి దిగితే హీట్ ఎక్స్‌ఛేంజర్ రెండు చివర్ల మూతలు విప్పి, మళ్లీ ప్రెజర్ పెట్టి చూడండి, ఏ గొట్టంలోంచి కూలెంట్ చుక్కలు వస్తే అదే దొంగ. ఇంజిన్ నడిచేటప్పుడు కూలెంట్ వైపు ఒత్తిడి ఎక్కువ, కాబట్టి అది గొట్టం గోడలోని సూది కన్నం గుండా చెరువు నీళ్లలో కలిసి ఎగ్జాస్ట్‌తో వెళ్లిపోతుంది, బోటులో ఒక్క చుక్క మిగలదు. అందులో గొట్టాల బదులు తాను అరిగిపోయే జింక్ ముక్కను సమయానికి మార్చకపోతే గొట్టాలు తినేసుకుపోవడం తొందరవుతుంది. అదీ కాదు, కూలెంట్ ట్యాంకులో బుడగలొస్తూ పొంగిపోతోందంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. పొగ వాయువులు తగిలితే నీలం నుంచి పసుపుకి మారే ద్రావకం పార్ట్స్ షాపుల్లో దొరుకుతుంది, దానితో తేలిపోతుంది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో కంప్రెషన్ ఒక్కలాగే పడిపోతే ఇంకా గట్టి రుజువు. గేర్‌బాక్స్ ఆయిల్ గులాబీ మిల్క్‌షేక్‌లా మారితే ఇంజిన్‌ని వదిలేసి దాని కూలర్ చూడండి.

యాంటీఫ్రీజ్ గురించి ఒక ముక్క. సగం నీళ్లు సగం ఇథిలీన్ గ్లైకాల్ మైనస్ 37 సెల్సియస్ వరకు గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదని నీళ్లు కలపకుండా పోసేవాళ్లున్నారు, స్వచ్ఛమైన గ్లైకాల్ మైనస్ 13కే గడ్డకడుతుంది. ఏటా కొంచెం నీళ్లు టాప్ అప్ చేసుకుంటూ పోయినవాళ్ల కూలెంట్ తెలియకుండానే పలచనవుతుంది, పది డాలర్ల హైడ్రోమీటర్‌తో చలికి ముందే కొలవొచ్చు. రా వాటర్ ఇంజిన్‌లోకి బకెట్‌లోంచి పీల్పించే గులాబీ యాంటీఫ్రీజ్ కథ వేరు. డబ్బా మీద మైనస్ 50 ఫారెన్‌హీట్ అని రాసుంటుంది, అది పైపు పగలని హద్దు, గడ్డకట్టని హద్దు కాదు, అది కూడా ఏమీ కలవకపోతేనే. ఇంజిన్ వేడెక్కక థర్మోస్టాట్ మూసుకుని ఉంటే అది బ్లాకులోకి వెళ్లకుండా పక్కదారిన మ్యానిఫోల్డుల గుండా వెనక నుంచి గులాబీగా బయటికొస్తుంది, మీరు చూసి సంతోషపడతారు, బ్లాకులో మాత్రం చెరువు నీళ్లు అలాగే ఉంటాయి. ముందు దించి, ఆ తర్వాత పోయడమే నాకు నమ్మకం.

పగులు తేలాక ఏం చేయాలన్నది అది ఎక్కడుందన్న దాని మీదే. బయటి గోడ మీద సన్నటి గీత, రా వాటర్ ఇంజిన్ అయితే పగులు రెండు చివర్లా డ్రిల్లు వేసి ఆపి, గాడి తీసి మెటల్ ఎపాక్సీ పూసి ఏళ్ల తరబడి నడిపినవాళ్లున్నారు, లోపల ఒత్తిడి తక్కువ కాబట్టి. మెటల్ స్టిచింగ్ అని, పగులు పొడవునా మరలున్న పిన్నులు ఒకదాన్నొకటి కరుచుకునేలా బిగించే పద్ధతి ఇంకా నమ్మకమైనది. పోత ఇనుముకి వెల్డింగ్ మాత్రం బ్లాకంతా సమంగా వేడి చేసి చేయాలి, లేకపోతే పక్కన కొత్త పగులు వస్తుంది. మాలాగా లోపల పగిలితే బ్లాకు మార్చడమే. అప్పుడు జంక్‌యార్డులో అదే సైజు కారు ఇంజిన్ చవగ్గా దొరుకుతుందని ఎవరో ఒకరు చెబుతారు. బోటు ఇంజిన్‌కి కోర్ ప్లగ్గులు ఇత్తడివి, హెడ్ గ్యాస్కెట్లు వేరు, క్యామ్ వేరు. స్టార్టర్, ఆల్టర్నేటర్ నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టినవి, అక్కడ కారు సామాను పెట్టడం ప్రాణాలతో ఆట. ఇన్సూరెన్స్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. చాలా పాలసీల్లో గడ్డకట్టిన నష్టానికి కవరేజీ ఉండదు, విడిగా కలుపుకోవాలి. మా దాంట్లో ఆ లైను పదకొండో పేజీలో ఉంది.

కొత్త బ్లాకుకి కొన్ని వేల డాలర్లయ్యాయి, సగం సగం వేసుకున్నాం. ఇప్పుడు నవంబరు చివర్లో నీళ్లు దించేస్తాం, ప్రతి కన్నంలోనూ తీగ పెట్టి గుచ్చుతాం, డ్రెయిన్ ప్లగ్గులు తిరిగి బిగించకుండా జిప్ సంచిలో వేసి తాళంతో పాటు స్టీరింగ్‌కి కట్టేస్తాం. జనవరిలో ఎండ కాసిన ఆదివారం "తీద్దామా అన్నా" అని మా ఫ్రెండ్ ఫోన్ చేస్తే, సంచిలో ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టమంటాను. నాలుగు ఉండాలి.